స్టాటిక్ పంచాయితీ: తప్పు రాసినవాళ్లదా, సర్వర్ మార్చినవాళ్లదా?

హనుమకొండలోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మొదలైన గొడవ ఈ వారం వరంగల్ డెవలపర్ల వాట్సాప్ గ్రూపులన్నింటికీ పాకింది. ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తిదారులకు (కమీషన్ ఏజెంట్లకు) పీహెచ్‌పీ అనే వెబ్ భాషలో రాసిచ్చిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అది. మిర్చి సీజన్ ఊపు మీద ఉండగా ఓ రైతు తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) అంతకుముందు కాంటా అయిన మరో రైతు హమాలీ, దడ్వాయి (తూకం వేసేవారి కూలి) కోతలు అచ్చయ్యాయి. బస్తాల లెక్క సరిగ్గానే ఉంది, ధరా సరిగ్గానే ఉంది, కోతలే వేరేవాళ్లవి. వెతగ్గా వెతగ్గా దొరికింది ఒక స్టాటిక్ ప్రాపర్టీ, అంటే ఒక్కో ఆబ్జెక్టుకు విడిగా కాక క్లాసుకే (ఆబ్జెక్టులకు అచ్చు లాంటిది) చెందిన, అందరూ పంచుకునే విలువ. కోతల జాబితా అందులో ఖాళీగా ఉంటే డేటాబేస్ నుంచి తెస్తుంది, ఉంటే ఉన్నదే ఇస్తుంది. ఖాళీగా లేదు కాబట్టి పాతదే ఇచ్చింది.

అంతే, పాత పంచాయితీ మళ్లీ లేచింది. స్టాటిక్ అన్నదే కోడ్‌లో ఉండకూడదని కొత్తగా చేరిన పిల్లలు, ఏళ్ల తరబడి నడిచిన కోడ్‌కు ఇప్పుడే తెగులు ఎందుకు పట్టిందని సీనియర్లు. ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిది సగం తేలిపోతుంది.

2004 జూలైలో వచ్చిన పీహెచ్‌పీ 5 స్టాటిక్ మెథడ్లకు (క్లాసు లోపల పనులు చేసే కోడ్ ముక్కలకు), ప్రాపర్టీలకు సరైన చోటు ఇచ్చింది. 2009లో 5.3 వచ్చాక లేట్ స్టాటిక్ బైండింగ్ చేరింది. దాంతో పేరెంట్ క్లాసులో రాసిన ఫైండ్ లాంటి మెథడ్‌కు తనను ఏ చైల్డ్ క్లాసు పేరుతో పిలిచారో తెలియడం మొదలైంది. స్టాటిక్ కాని మెథడ్‌ను స్టాటిక్‌గా పిలిచే అలవాటును 7.0 వద్దంది, 2020 నవంబరులో 8.0 ఎర్రర్‌గా మార్చింది. అప్పుడు కూడా ఊళ్లో కొన్ని సైట్లు పడుకున్నాయి గానీ అది ఒక్కరోజు టెన్షన్. ఎర్రర్ మెసేజే ఫలానా లైను అని వేలు పెట్టి చూపించింది. తక్‌పట్టీ బగ్ అలాంటిది కాదు, ఏ లాగ్‌లోనూ ఒక్క ఎర్రర్ లేదు.

అసలు మలుపు భాషలో రాలేదు, భాష కింద ఉన్న సర్వర్‌లో వచ్చింది.

పీహెచ్‌పీ పద్ధతి మొదటి నుంచీ ఒకటే: రిక్వెస్ట్ (బ్రౌజర్ అడిగే ఒక్కో పని) వస్తుంది, స్క్రిప్టు మొదటి నుంచి నడుస్తుంది, జవాబు వెళ్తుంది, తర్వాత అంతా తుడిచిపెట్టుకుపోతుంది. పీహెచ్‌పీని మామూలుగా నడిపే ఎఫ్‌పీఎంలో ప్రాసెస్ (సర్వర్‌లో నడుస్తున్న ప్రోగ్రాం) బతికే ఉన్నా మన క్లాసులు, వాటి స్టాటిక్ విలువలు మాత్రం రిక్వెస్ట్‌తోనే పోతాయి. బడిలో పీరియడ్ అయిపోగానే నల్లబల్ల తుడిచేసినట్టు. అందుకే పీహెచ్‌పీలో స్టాటిక్ అంటే "ఈ ఒక్క రిక్వెస్ట్ వరకు" అనే అర్థం. బిల్లింగ్ రాసిన సీనియర్ లెక్కా ఇదే. ఒక రిక్వెస్ట్‌లో వచ్చేది ఒకే తక్‌పట్టీ. దాని కోతలు స్క్రీన్ మీద చూపడానికి, ప్రింటుకు, ఖాతాలో జమకు మూడుచోట్ల కావాలి. డేటాబేస్‌ను మూడుసార్లు అడగడం ఎందుకని ఒకసారి తెచ్చి స్టాటిక్‌లో పెట్టాడు. ఆనాటి సర్వర్‌కు అది తెలివైన పనే. ఆ కోడ్ వల్ల అన్నేళ్లలో ఒక్క రైతుకు కూడా తప్పు చీటీ పోలేదన్న మాట ఈ గొడవలో ఎవరి చెవికీ ఎక్కడం లేదు.

జావా భాషలో రాసేవాళ్లకు ఈ సుఖం ఎప్పుడూ లేదు. అక్కడ సర్వర్ ఒకసారి లేస్తే వేల రిక్వెస్టులకు అదే ప్రాసెస్. స్టాటిక్ ఫీల్డులో యూజర్ వివరాలు పెడితే రేపు ఇంకొకరికి కనిపిస్తాయని వాళ్లు ముందే దెబ్బలు తిని నేర్చుకున్నారు. మన కాలేజీల్లోనూ జావాలో పిల్లలు మొదట బట్టీ పట్టేది ప్రోగ్రాం మొదలయ్యే లైను, పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయినే. ఎందుకు స్టాటిక్ అని అడిగితే చెప్పే సార్లు తక్కువ. (2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25తో మెయిన్‌కు ఆ మాట తప్పనిసరి కాకుండా పోయింది. ఇక ఆ ప్రశ్న కూడా ఎవరూ అడగరేమో.)

పీహెచ్‌పీలో సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ (సిద్ధంగా దొరికే కోడ్ చట్రం) లారావెల్‌కు 2021లో ఆక్టేన్ వచ్చింది. స్వూల్, రోడ్‌రన్నర్ లాంటి సర్వర్ల మీద అప్లికేషన్‌ను ఒకసారి లోడ్ చేసి, అదే వర్కర్‌తో (ఆగకుండా నడిచే ప్రాసెస్‌తో) రిక్వెస్ట్ వెంట రిక్వెస్ట్ నడిపిస్తుంది. 2023 డిసెంబరులో ఫ్రాంకెన్‌పీహెచ్‌పీ 1.0 కూడా ఇలాంటి వర్కర్ మోడ్‌తోనే వచ్చింది. ప్రతిసారీ ఫ్రేమ్‌వర్క్‌ను మొదటి నుంచి లేపే పని తప్పింది కాబట్టి వేగం పెరిగింది. కానీ తుడవడం ఆగిపోయింది. ఆక్టేన్ ఫ్రేమ్‌వర్క్ సొంత సరంజామాను మాత్రం రిక్వెస్ట్‌కూ రిక్వెస్ట్‌కూ మధ్య సర్దుతుంది, మనం రాసుకున్న స్టాటిక్ ప్రాపర్టీల జోలికి పోదు. స్టాటిక్ అరేలో (జాబితాలో) డేటా చేర్చుకుంటూ పోతే మెమరీ లీక్ అవుతుందని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

హనుమకొండ ఆఫీసులో ఆక్టేన్‌కు సర్వర్ మార్పు జరిగింది సీజన్‌కు ముందే. మార్చినవాళ్లు టెస్ట్ చేశారు, నిజమే. ఒక్కరే కూర్చుని ఒకే తక్‌పట్టీని పదేపదే తీస్తే వర్కర్ గుర్తుపెట్టుకున్నదీ ఆ కోతలే కాబట్టి తప్పెక్కడ కనిపిస్తుంది? పైగా సర్వర్‌లో వర్కర్లు నాలుగైదు ఉంటాయి, ఏ రిక్వెస్ట్ దేనికి పోతుందో చెప్పలేం. ఆక్టేన్ డిఫాల్ట్‌గా 500 రిక్వెస్టుల తర్వాత వర్కర్‌ను రీస్టార్ట్ చేస్తుంది, దాంతో కాసేపు అంతా బాగైనట్టే ఉంటుంది. ఫిర్యాదు వచ్చిన రోజున మళ్లీ ప్రింట్ తీస్తే కోతలు సరిగ్గానే వచ్చాయట!

స్టాటిక్ వద్దనే వర్గానికి ఒక మాట దక్కాలి. ఈ రోగాన్ని పీహెచ్‌పీలో ముందుగా చూసింది టెస్టులు రాసేవాళ్లే. టెస్టులు నడిపే పీహెచ్‌పీయూనిట్ మామూలుగా టెస్టులన్నీ ఒకే ప్రాసెస్‌లో నడుపుతుంది కాబట్టి ఒక టెస్ట్ స్టాటిక్‌లో వదిలిన విలువ తర్వాతి దానికి తగులుతుంది. వాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. టెస్టులే రాయని ఆఫీసులకు ఆ మొత్తుకోలు వినిపించలేదు.

అయితే వాళ్ల కోపం స్టాటిక్ మెథడ్లన్నింటి మీదికీ పోతోంది. క్వింటా ధర, తూకం ఇస్తే మొత్తం లెక్కగట్టి ఇచ్చే మెథడ్ స్టాటిక్ అయితే ఎవరికి నష్టం? అది ఏదీ గుర్తుపెట్టుకోదు. లారావెల్ ఫసాడ్లనూ (దాని సేవలను పిలిచే పొట్టి పేర్లను) ఇదే గాటన కడుతున్నారు. 2013లో వచ్చిన లారావెల్ 4 నుంచీ అవి పైకి స్టాటిక్‌గా కనిపిస్తాయే గానీ పిలుపు కంటెయినర్‌లోని (ఆబ్జెక్టులను తయారుచేసి అందించే చోటులోని) మామూలు ఆబ్జెక్ట్‌కే చేరుతుంది.

ప్రస్తుతం ఆఫీసులో తేలాల్సింది ఒకటే. కోతల జాబితాను స్టాటిక్ నుంచి తీసి, రిక్వెస్ట్ వరకే బతికేలా కంటెయినర్‌లో స్కోప్డ్‌గా పెడితే ఆ ఒక్క బగ్ పోతుంది. కోడ్‌లో అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో వెతకాలంటే సీజన్ అయ్యేదాకా ఆగాలి. అప్పటిదాకా ఎఫ్‌పీఎంకు తిరిగిపోదామని సీనియర్లు అంటున్నారు. స్పీడ్ పోతుందని పిల్లలు ఒప్పుకోవడం లేదు. అడ్తిదారులు మాత్రం స్పీడ్ సంగతి అడగడం లేదు, చీటీ సరిగ్గా రావాలంటున్నారు.