దస్తావేజులో పేరు, అత్తింట్లో నగలు: విడాకుల్లో ఆస్తి లెక్క

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో విడాకుల మాట రాగానే ‘సగం ఆస్తి వస్తుందా’ అని అడుగుతారు. హిందూ చట్టంలో అలాంటి వాటా ఏనాడూ లేదు. పెళ్లయ్యాక భర్త కొన్న ఇల్లు భర్తదే, భార్య కొన్నది భార్యదే. దస్తావేజులో ఎవరి పేరుంది, సొమ్ము ఎవరి ఖాతాలోంచి వెళ్లింది అన్నవే లెక్క.

ఆడపిల్లకు పూర్వం నుంచీ ఉన్న ఆసరా స్త్రీధనమే, అంటే ఆమెకు కానుకగా వచ్చిన నగలు, డబ్బు, భూమి. పసుపు కుంకుమల కింద పొలం ఇవ్వడం తెలుగువారి పాత ఆనవాయితీ. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ దానిపై ఆమెకు సంపూర్ణ హక్కు ఇచ్చింది. చిక్కు వేరేచోట ఉంది. భూమి దానానికి ఇద్దరు సాక్షులతో రిజిస్టరు పత్రం ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది. పెళ్లిపందిట్లో నోటిమాటగా ఇచ్చిన ఎకరం కోర్టులో నిలవనిది అందుకే.

1955 హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ పెళ్లి సందర్భంగా వచ్చి, ఇద్దరికీ ఉమ్మడిగా చెందే కానుకల వరకే. నగల సంగతి 1985లో సుప్రీంకోర్టులో ప్రతిభా రాణి కేసుతో తేలింది: అత్తింట్లో దాచినా అవి ఆమెవే, భర్త చేతిలో ఉన్నది అప్పగింత సొత్తు, ఎగ్గొడితే నేరపూరిత నమ్మకద్రోహం. 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది: కూతురు అధికారం ఇవ్వనిదే తండ్రి కూడా వాటిని తిరిగి అడగలేడు.

రుజువు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పెళ్లి ఫొటో నగ పెట్టుకున్నట్టు చూపుతుంది గానీ, తులాలు చెప్పదు. కరిగించి మళ్లీ చేయిస్తే పాత బిల్లు పొసగదు. కానుకల జాబితా రాసి వధూవరులు సంతకం చేయాలని వరకట్న నిషేధ చట్టం కింద 1985 నిబంధనలు ఉన్నాయి. పెళ్లినాడు ఆ కాగితం అడిగితే అపశకునంలా చూస్తారు!

పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో వాటా విడాకులకు సంబంధం లేనిది, అయినా జనం రెంటినీ కలిపేస్తారు. దానికీ సరిహద్దు తేడా ఉంది: ఆంధ్రలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు అది దక్కింది, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వస్తే 2005 సెప్టెంబరు 9 దాకా ఆగాల్సి వచ్చింది.

భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇవ్వాలన్న బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినా అది చట్టం కాలేదు. మిగిలింది హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ శాశ్వత భరణం. 2020లో సుప్రీంకోర్టు రజనీష్–నేహా తీర్పు తర్వాత భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తిపాస్తులు, అప్పులు, జీతాల అఫిడవిట్ వేయాలి. భర్త ఇల్లు పంచకపోయినా, భరణానికి హామీగా దానిపై చార్జీ, అంటే తాకట్టులాంటి బాధ్యత, వేసే అధికారం కోర్టుకుంది. పిటిషన్‌లోనే ఇంటి సర్వే నంబరు, హద్దులతో సహా ఆ సంగతి అడగాలి.