పోగు తెగితే ఆగే మగ్గం

పోచంపల్లి చీరకు చిటికి కట్టాలంటే (రంగు అంటకూడని చోట నూలును ముడివేసి కట్టడం) ముందు ఆసు పోయాలి, అంటే నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి చుట్టాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడించాలి. నాలుగైదు గంటల పని, భుజాలు పడిపోతాయి. అమ్మ పడే ఆ బాధ చూడలేక, అప్పటి నల్గొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. పని గంటన్నరకు దిగింది.

ఫ్యాక్టరీలు ఇప్పుడు ‘లీన్’ అంటున్న, వృథా లేకుండా పని చేసే పద్ధతి మూలం కూడా మగ్గమే. ఇంట్లో తల్లి నేత చూస్తూ పెరిగిన సకిచి టొయోడా 1890లో జపాన్‌లో చెక్క మగ్గం చేశాడు. 1924 నాటి ఆయన ఆటోమేటిక్ మగ్గం, పోగు తెగితే దానంతట అదే ఆగిపోయేది. చెడ్డ గుడ్డ నేయదు కాబట్టి పక్కనే నిలబడి కాపలా కాసే పని లేదు. ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోవచ్చు. కొడుకు కిచిరో 1937లో టొయోటా కార్ల కంపెనీ పెట్టినప్పుడు ఈ ఆలోచనా వెంట వెళ్లింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కంపెనీకి డబ్బు లేదు, గోదాముల్లో సరుకు పేర్చుకునే స్థోమతా లేదు. అమెరికా సూపర్ మార్కెట్లలో షెల్ఫులో సరుకు అమ్ముడైనంతే మళ్లీ నింపే తీరు టొయోటా ఇంజినీరు తైచి ఓనోకు నచ్చింది. (మన కిరాణా కొట్టు చూసినా సరిపోయేది.) వాడినంతే మళ్లీ తయారుచేయమని చెప్పే చీటీయే కాన్‌బాన్. తప్పు కనిపిస్తే మామూలు కార్మికుడైనా తాడు లాగి లైన్ ఆపొచ్చు. ఈ మొత్తం పద్ధతికి ‘లీన్’ అనే పేరు 1988లో జాన్ క్రాఫ్సిక్ అనే అమెరికన్ పెట్టాడు.

మన దేశంలో 1980లలో మారుతి ఈ గాలి తెచ్చింది. చిన్న పరిశ్రమలకు లీన్ అలవాటు చేయడానికి కేంద్రం 2009లో ప్రయోగాత్మకంగా ఒక పథకం మొదలుపెట్టి, 2023 మార్చిలో కొత్త రూపంలో తెచ్చింది. కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వానిదే.

చౌటుప్పల్ దగ్గర దండు మల్కాపురం పారిశ్రామిక పార్కులో, కొత్తూరు, జడ్చర్ల షెడ్లలో ఉన్నవాళ్లకు పనికొచ్చే పథకమే. అయితే నా లెక్కలో సులువైన సగమే ముందు వస్తుంది: పనిచోటును శుభ్రంగా, క్రమంగా ఉంచే ‘ఫైవ్ ఎస్’ సూత్రాల చార్టు గోడకు, నేల మీద పసుపు గీతలు. కష్టమైన సగం లైన్ ఆపడం. నెలాఖరు డిస్పాచ్ నెత్తి మీదుంటే, మూడు నెలల కిందట కాంట్రాక్టులో చేరిన ఒడిశా కుర్రాడు మిషన్ ఆపగలడా? ఆపితే సూపర్‌వైజర్ ఊరుకుంటాడా? కన్సల్టెంట్ ఫీజు ప్రభుత్వం కడుతుంది, ఆ ఆగిన గంట నష్టం మాత్రం యజమాని జేబులోంచే పోతుంది.