ఆఫ్రికాలో పుస్తకాలెవరు చదువుతారండీ? (అపోహలు - వాస్తవాలు)

టాంజానియాలో విక్టోరియా సరస్సు ఒడ్డున మ్వాంజా అనే ఊరుంది. దాని చుట్టుపక్కల పల్లె బడుల్లో పుస్తకాలు చదువుకునే గదులు పెట్టించడం, వాటిని చూసుకునే టీచర్లకు పని నేర్పడం తొమ్మిదేళ్లుగా నా ఉద్యోగం. సెలవుకి విజయవాడ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, "అక్కడ తిండికే కరువంటారు కదమ్మా, పుస్తకాలెందుకు?" అని. వాళ్లకు తెలిసిన ఆఫ్రికా అంతా టీవీలో చూసిందే కాబట్టి, అలా అడిగినందుకు నాకేం కోపం లేదు. తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఆఫ్రికా అంటే 54 దేశాలు. నాకు దగ్గరగా తెలిసింది ఒక్క టాంజానియానే. పనిమీద వెళ్లొచ్చినందువల్ల కెన్యా, జాంబియా కాస్త తెలుసు.

అపోహ: వాళ్లది నోటిమాట సంస్కృతి. రాత అనేది తెల్లవాళ్లు తెచ్చిపెట్టిందే.

ఇది మా మావయ్య మాట. ఆయన రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ కూడాను!

మాలీ దేశంలోని టింబక్టూలో 16వ శతాబ్దం నాటికే చేతిరాత పుస్తకాల వ్యాపారం జోరుగా సాగింది. అక్కడ మిగతా ఏ సరుకు కన్నా పుస్తకాల మీదే లాభం ఎక్కువని లియో ఆఫ్రికానస్ అనే యాత్రికుడు రాసిపెట్టాడు. ఇథియోపియాలో గీజ్ లిపి వందల ఏళ్లుగా వాడుకలో ఉంది. హౌసా, స్వాహిలీ, వోలోఫ్ భాషల్ని అరబ్బీ అక్షరాలతో రాసుకోవడం తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఉన్నదే. స్వాహిలీలో పుస్తకాన్ని కితాబు అంటారు, తెలంగాణవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకటైతే కితాబు, ఎక్కువుంటే వితాబు.

నాకు బాగా ఇష్టమైన కథ మాత్రం ఇటీవలిదే. 1989లో గినీ దేశంలో ఇద్దరు అన్నదమ్ములు, ఒకడికి 14, ఇంకొకడికి 10 ఏళ్లు, మన ఫులానీ భాషకు సొంత అక్షరాలు ఎందుకు లేవని కూర్చుని ఒక లిపి తయారుచేశారు. కళ్లు మూసుకుని కాగితం మీద గీతలు గీస్తూ, వచ్చిన ఆకారాల్లోంచి అక్షరాలు ఏరుకున్నారట. ఆ అడ్లమ్ లిపి 2016లో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు గుర్తుపట్టే అక్షరాల జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడది ఫోన్లలో కూడా ఉంది.

మా పల్లెల్లో ఆడవాళ్లు కట్టుకునే కాంగా గుడ్డ సంగతీ చెప్పాలి. అంచుకు కాస్త పైన ప్రతిదాని మీదా ఒక స్వాహిలీ సామెత అచ్చువేసి ఉంటుంది. "ఉసిసఫిరియే న్యోటా యా మ్వెంజియో" అంటే పక్కవాడి నక్షత్రం చూసుకుని ప్రయాణం కట్టకు అని. తోడికోడలితో మాట పట్టింపు వచ్చిందనుకోండి, నోరు విప్పక్కర్లేదు, సరైన కాంగా కట్టుకుని ఆమె వాకిలి ముందు నుంచి నడిస్తే చాలు. చదువు రాని ఆవిడ కూడా కొట్లో కుర్రాడి చేత ఆ మాట రెండుసార్లు చదివించుకుని గానీ డబ్బులు తియ్యదు. చదివే సంస్కృతి లేదనేవాళ్లు ఒక గంట ఆ కొట్టు ముందు నిలబడితే సరి.

నోటిమాటకీ పుస్తకానికీ పోటీ ఉందనేది కూడా పొరపాటే. మా దగ్గర కథ మొదలుపెట్టేవాళ్లు "పౌక్వా!" అంటే వినేవాళ్లు "పకావా!" అనాలి. పుస్తకం చూసి చదివినా అంతే. పకావా గట్టిగా రాకపోతే పుస్తకం తెరవం. కెన్యా రచయిత గుగీ వా థియాంగో 1977 చివర అరెస్టయ్యాక, జైల్లో ఇచ్చే టాయిలెట్ కాగితం మీద తన గికుయూ భాషలో ఒక నవల రాశారు. అది 1980లో అచ్చయింది. బార్లలో ఒకడు పైకి చదువుతుంటే అందరూ చుట్టూ చేరి వినేవాళ్లని ఆయనే చెప్పారు. రసపట్టులో ఉండగా చదివేవాడు ఆపేసి ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టేవాడట, ఇంకో బీరు పోయిస్తే గానీ కథ కదిలేది కాదు. ఇదే నవలను తర్వాత వరవరరావు గారు మన జైల్లో ఉండగా తెలుగులోకి తెచ్చారు.

అపోహ: పుస్తకాలు లేవంతే. ఇక్కడ మన ఇళ్లలో మూలనపడ్డవి పోగుచేసి పంపితే సరి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విదేశీ సంస్థ నుంచి కంటైనర్ నిండా పుస్తకాలు వచ్చాయి. ఊరంతా పండగ. అట్టపెట్టెలు తెరిచాం. ఆదాయపు పన్ను చట్టం గైడ్లు, ఎప్పుడో పాతబడిన కంప్యూటర్ పుస్తకాలు, మంచుబొమ్మకు ముక్కుగా క్యారెట్ పెట్టే పిల్లల కథలు. కిలిమంజారో మీద మంచుంది కదా అంటారేమో, మా పిల్లలెవరూ ఆ కొండను చూసినవాళ్లు కారు. రేవు ఖర్చులు, లారీ కిరాయి కలిపితే ఆ డబ్బుతో స్వాహిలీ పుస్తకాలు కొని రెండు బడులకు బీరువాలు నింపొచ్చు. ఉచితంగా వచ్చిన కంటైనర్ అక్కడి ప్రచురణకర్త కడుపు కొట్టే మాట సరేసరి.

ఇప్పుడు ఇంకో దారి ఉంది. దక్షిణాఫ్రికా నుంచి 2014లో ఆఫ్రికన్ స్టోరీబుక్ అనే వెబ్‌సైట్ మొదలైంది. ఎన్నో ఆఫ్రికా భాషల్లో బొమ్మల కథలు, ఎవరైనా దింపుకుని అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. మన దేశంలో అలాంటిదే, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్, 2015లో వచ్చింది. ఈ రెంటి మధ్యా కథలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. మా మేనకోడలు తెలుగులో చదువుకున్న ఒక కథ నేను నలుపు తెలుపులో ప్రింట్ తీసి, స్టేపుల్ కొట్టి బడికి పంచినదే. దూరాన ఉండి సాయం చేయాలనుకునేవాళ్లు అట్టపెట్టెలు పంపే బదులు ఆ ప్రింట్ ఖర్చు భరిస్తే మేలు.

అపోహ: ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషులో పెడితే బాగుపడతారు.

ఈ మాట ఇక్కడా అక్కడా ఒకటే, తల్లిదండ్రుల టెన్షన్ కూడా ఒకటే. నైజీరియాలోని ఇఫేలో 1970లో బాబ్స్ ఫఫున్వా అనే విద్యావేత్త బృందం దీన్ని బడిలోనే పరీక్షించి చూసింది. ప్రాథమిక బడి ఆరేళ్లూ పాఠాలన్నీ అక్కడి పిల్లల ఇంటి భాష యోరుబాలో చెప్పారు. ఇంగ్లీషును మాత్రం ఒక సబ్జెక్టుగా, అది బాగా వచ్చిన టీచర్ చేత చెప్పించారు. ఆ పిల్లలు మిగతా సబ్జెక్టుల్లో ముందున్నారు, ఇంగ్లీషులోనూ వెనకబడలేదు.

టాంజానియాలో ప్రాథమిక బడి స్వాహిలీలోనే నడుస్తుంది, హైస్కూల్లో ఒక్కసారిగా ఇంగ్లీషు మొదలవుతుంది. అక్కడ తడబడి మానేసే పిల్లలు చాలామంది. ఇంకో చిక్కుంది, దీని గురించి మా రంగంలో తక్కువ మాట్లాడతారు. మా పల్లెల్లో ఇంట్లో మాట్లాడేది స్వాహిలీ కాదు, సుకుమా. అంటే మాతృభాషలో చదువు అని మేం గొప్పగా చెప్పుకునేది పిల్లకు రెండో భాష. అందుకే మా టీచర్లు కథను స్వాహిలీలో చదివి, సుకుమాలో కబుర్లాడతారు. నియమాల ప్రకారం అది తప్పో ఒప్పో నేను అడగలేదు, అడగను కూడా.

అపోహ: బడిలో పేరుంటే చదవడం వచ్చినట్టే.

కాదు. సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికాలో పదేళ్ల పిల్లల్లో 89 శాతం మంది ఒక తేలికైన పేరా చదివి అర్థం చేసుకోలేరని 2022లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. దక్షిణాఫ్రికా లాంటి డబ్బున్న దేశంలోనే 2021 పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది పరిస్థితి అదీ. మందు లేని జబ్బేం కాదు. తరగతిని బట్టి కాకుండా ఎంతవరకు చదవగలరో చూసి పిల్లల్ని గుంపులు చేసి, రోజూ కొంతసేపు దానికే కేటాయించే పద్ధతి మన ప్రథమ్ సంస్థది. జాంబియా దాన్ని తీసుకుని క్యాచప్ పేరుతో సర్కారు బడుల్లో పెట్టింది. నేను చూసొచ్చాను. అయిదో తరగతి కుర్రాడు మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోవడానికి మొదటి వారం సిగ్గుపడతాడు, అంతే.

అపోహ: పెద్దవాళ్లకు ఒకసారి అక్షరాలు నేర్పితే పనైపోయింది.

టాంజానియా చేసినంత చేసినవాళ్లు తక్కువ. ఆ దేశంలో 1967లో మూడింట రెండొంతుల మందికి చదువు రాదు. ప్రెసిడెంట్ జూలియస్ న్యెరేరే స్వయంగా బడిపంతులు, ఇప్పటికీ జనం ఆయన్ని మ్వాలిము, అంటే పంతులుగారు అనే అంటారు. ఆయన షేక్‌స్పియర్ నాటకాలు రెండు స్వాహిలీలోకి అనువదించాడు. 1970ని వయోజన విద్యా సంవత్సరంగా ప్రకటించాడు. మా మ్వాంజా వైపు వాచకాలు ప్రత్తి మీద, అరటి మీద, చేపల మీద తయారయ్యాయి. ప్రత్తి రైతు మొదట నేర్చిన మాటల్లో "ప్రత్తి" ఉండేది. 1973లో "మ్తు ని ఆఫ్యా" అని రేడియో కార్యక్రమం నడిచింది, మనిషంటే ఆరోగ్యమే అని అర్థం. చెట్ల కింద గుంపులుగా చేరి రేడియో విని, చిన్న పుస్తకం చదువుకుని, చర్చించి, ఆ తర్వాత వెళ్లి మరుగుదొడ్డి గుంటలు తవ్వుకున్నారు. అలా చేరినవాళ్లు దాదాపు 20 లక్షల మంది. 1986 నాటికి చదువు రానివాళ్లు 10 శాతం లోపేనని ప్రభుత్వం లెక్క చెప్పింది.

మరి 2002 జనాభా లెక్కల్లో అక్షరాస్యత 70 శాతం దరిదాపుల్లో తేలింది. 1980లలో దేశానికి డబ్బు కరువైంది, రాత్రి తరగతులు సన్నగిల్లాయి, పల్లె పత్రికలు ఆగిపోయాయి, బడి మానేసిన పిల్లలు కొత్తగా వచ్చి చేరారు. పాత లెక్క కూడా కాస్త ఉదారంగా వేసిందేనని నా అనుమానం. నేర్చుకున్న అక్షరాలతో చదవడానికి ఊళ్లో ఏమీ లేకపోతే మూడు నాలుగేళ్లలో సంతకం ఒక్కటే మిగులుతుంది. నా ఉద్యోగం ఉన్నదే అందుకు.

అపోహ: ఒంటె మీద లైబ్రరీ అంటే ఫొటోల కోసం.

ఒంటెల మీద పుస్తకాల పెట్టెలు కట్టి ఊరూరా తిప్పే ఈ లైబ్రరీ కెన్యాలోని గరిస్సాలో 1996 నుంచి నడిచింది. కార్లు ఇసుకలో కూరుకుపోయే చోట, పశువులతో తిరిగే సోమాలీ కుటుంబాల దగ్గరికి ఇంకెలా వెళ్తారు? ఫొటోలు బాగా వస్తాయన్నది మాత్రం నిజమే.

అపోహ: సెల్‌ఫోన్ వచ్చి చదివే అలవాటును చంపేసింది.

మా దగ్గర పెద్దవాళ్ల తరగతికి మనుషుల్ని తెచ్చిందే ఫోన్. డబ్బు పంపడం, తీసుకోవడం అంతా ఫోన్లోనే కదా. చదువు రాని ముసలమ్మ, ఫోన్లో వచ్చిన డబ్బును నోట్లుగా ఇచ్చే ఏజెంటు చేతికి ఫోన్ ఇచ్చి, నలుగురిలో పిన్ నంబర్ పైకి చెబుతుంది. కొడుకు పంపింది ఎంతో, తన చేతికి వచ్చింది ఎంతో తెలియదు. ఒకావిడ ఇలాగే రెండుసార్లు మోసపోయి మూడోసారి మా గదికి వచ్చింది. "కథలు నాకొద్దు, ఈ మెసేజ్ ఒక్కటి చదవడం నేర్పు" అంది. దాంతోనే మొదలుపెట్టాం.

అపోహ: పుస్తకాలు ఇంటికిస్తే తిరిగి రావు.

ఇది నన్ను అడిగేది విజయవాడ వాళ్లు కాదు, మా హెడ్‌మాస్టర్లే. తప్పు వాళ్లది కాదు. తనిఖీకి వచ్చినవాళ్లు పుస్తకాలు లెక్కపెడతారు, తగ్గితే సంజాయిషీ అడుగుతారు. కాబట్టి బీరువాకు తాళం, తాళంచెవి హెడ్‌మాస్టర్ జేబులో. ఒక బడిలో మేమిచ్చిన పుస్తకాల ప్లాస్టిక్ కవర్లు ఏడాది తర్వాత కూడా విప్పలేదు, కట్ట మీద బల్లి గుడ్లు పెట్టింది. అప్పుడు రిజిస్టర్‌లో "చిరిగినవి" అని కొత్త కాలమ్ గీయించాం. ఏటా పదింట ఒకటి చిరగాలి, పోవాలి. ఆ కాలమ్ ఖాళీగా ఉంటేనే సంజాయిషీ అని చెప్పాం. ఆరు నెలల్లో తాళాలు వదులయ్యాయి.

మా దగ్గర అందరికన్నా ఎక్కువ తిరిగిన పుస్తకం కథలది కాదు, కోళ్ల పెంపకం మీద 60 పేజీల చిన్న స్వాహిలీ పుస్తకం. ఒకసారి పద్నాలుగు నెలలు కనిపించకుండా పోయింది. పోయిందనే రాసేశాం. చివరికి ఒక పిల్ల పట్టుకొచ్చింది. పాత న్యూస్‌పేపర్ అట్ట, ఒళ్లంతా ఎండుచేపల వాసన. కొక్కెర తెగులు పేజీ తెరిస్తే మార్జిన్లో తేదీలు, నాలుగు నెలలకొకటి చొప్పున, కోడి కంట్లో టీకా చుక్క వేసిన రోజులు. మూడు రకాల చేతిరాతలు, అంటే మూడిళ్లు తిరిగింది. పుస్తకంలో రాస్తే జరిమానా అని గోడ మీద నేనే రాయించిన రూలు ఉంది. టీచరమ్మ ఆ రూలు వైపొకసారి, నా వైపొకసారి చూసి, రిజిస్టర్ ముందుకు లాక్కుని "పోయింది" అన్న మాట కొట్టేసి, "వచ్చింది" అని రాసి సంతకం పెట్టింది.