తడిక దగ్గర ఎవరిని కూర్చోబెట్టాలి?

చిట్టితల్లికి, దాని భుజం మీంచి తొంగిచూసే తమ్ముడికి తాతయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. "అమ్మ తన పాత ల్యాప్‌టాప్ నాకిచ్చింది తాతయ్యా, 4 జీబీ ర్యామే. మా క్లాసబ్బాయి ఫైర్‌వాల్ వేసుకోమన్నాడు. డబ్బులు కట్టక్కర్లేనిది, మెషీన్ని నత్తలా చెయ్యనిది ఏదో చెప్పు" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. కానీ బయట మామిడికాయల బళ్లు తిరుగుతున్నాయి, నాకేవేవో గుర్తొస్తున్నాయి. అందుకే ఉత్తరం.

ఫైర్‌వాల్ అనగానే మంటలూ గోడలూ ఊహించుకోకు. నెట్‌లోంచి కంప్యూటర్‌కి వచ్చేవాటికీ, అందులోంచి వెళ్లేవాటికీ కాపలా కాసే ప్రోగ్రాం అది, అంతే. నాకైతే నూజివీడు దగ్గర మా నాన్న కౌలుకి తీసుకున్న మామిడితోట కళ్లముందుకొస్తుంది. చుట్టూ తుమ్మకంప దడి. ఒక మూల తాటాకు తడిక. తడిక పక్కన మంచె, మంచె మీద వడిసెల పట్టుకుని కావలి మనిషి. కాయ రంగు తిరిగే రోజుల్లో ఆ మనిషి లేకపోతే చెట్టుకి ఆకులే మిగిలేవి.

నీ ల్యాప్‌టాప్ కూడా ఒక తోటే అనుకో. మా తోటకి తడిక ఒకటి, నీ తోటకి 65,536! వాటిని పోర్టులంటారు, సున్నా నుంచి 65,535 దాకా నంబర్లేశారు. నువ్వు పాఠం చూడాలంటే అవతలి కంప్యూటర్ దగ్గరికెళ్లి 443 నంబరు తడిక తడతావు. దానికి కాస్త పక్కనే 445 ఉంది, ఆఫీసుల్లో ఫైళ్లు పంచుకోవడానికి వాడతారు. 2017 మేలో వానాక్రై అనే పురుగు, అంటే తనంతట తానే పాకే చెడ్డ ప్రోగ్రాం, ఆ 445లోంచే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకుతూ ప్రపంచమంతా తిరిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

ఇక కావలివాళ్ల సంగతి. మా నాన్న ఒకే వేసంగిలో ముగ్గుర్ని మార్చాడు.

మొదటాయన మహా జాగ్రత్త మనిషి. ఆకు కదిలితే చాలు, మా నాన్నని లేపేవాడు. "అయ్యా, ఉడతొచ్చింది, రానివ్వనా?" "అయ్యా, ఎవరో దగ్గారు, చూడనా?" నాలుగు రాత్రులు ఓపిక పట్టి, ఐదో రాత్రి మా నాన్న "ఏదొచ్చినా రానియ్, నన్ను మాత్రం లేపకు" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రే రెండు చెట్ల రసాలు పోయాయి. కొన్ని ఫైర్‌వాల్స్ అచ్చం ఇలాగే నిమిషానికోసారి తెరమీదకొచ్చి "ఈ ప్రోగ్రాం బయటికెళ్తానంటోంది, పంపనా?" అంటాయి. నువ్వూ మా నాన్నలాగే చదవకుండా సరే, సరే నొక్కేస్తావు. ఇక అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రెండో ఆయన కుటుంబంతో దిగాడు. రెండు కుక్కలు, మూడు మేకలు కూడా. కావలి బాగానే కాశాడు, కాదనను. కానీ వాళ్లు తిన్న కాయలు, మేకలు కొరికిన చిగుళ్లు లెక్కేస్తే దొంగలే నయమనిపించింది. ఫైర్‌వాల్‌తో పాటు ఏంటీవైరస్, బ్రౌజరు, ఇంకా ఏవేవో మూటగట్టి ఇచ్చే పెద్ద ప్యాకేజీలు ఈ బాపతు. 4 జీబీ మెషీన్ మీదికి వాటిని ఎక్కించకు.

మూడో ఆయన పొట్టిగా ఉండేవాడు, మాట తక్కువ. వచ్చిన రోజు సాయంత్రం మా నాన్నని కూర్చోబెట్టి ఒక్కటే అడిగాడు: "ఎవరెవరు రావచ్చు?" నీళ్లు పెట్టే మనిషి, కాయ కొనే షావుకారు, ఇంట్లోవాళ్లం. అంతే. మిగతావాళ్లెవరొచ్చినా లోపలికి లేదు. రాత్రిళ్లు ఎవర్నీ లేపింది లేదు. రెండో రోజు మా మేనబావని తడిక దగ్గరే ఆపేస్తే నేను ఏడ్చి గోల చేశాను. నాన్న వెళ్లి "వీణ్ణి కూడా చేర్చుకో" అన్నాడు, సరిపోయింది. ఆయన కట్టే మంచె కూడా భలే ఉండేది, ఒక్క మేకు లేకుండా అంతా తాటినారే. దాని మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టేవాళ్లం... సరే, అది ఇంకో ఉత్తరం.

ఆ పొట్టాయన లాంటి ఫైర్‌వాల్ ఒకటుంది, పేరు టైనీవాల్. ఉచితం. నువ్వు రమ్మన్నవాళ్లని తప్ప ఎవర్నీ పోనివ్వదు, మాటిమాటికీ వచ్చి అడగదు. వేసుకున్న మొదటి రోజు నీ బ్రౌజర్ కూడా ఆగిపోవచ్చు. కంగారు పడకు, అది మా మేనబావ కేసు. కింద గడియారం పక్కనున్న దాని గుర్తు మీద నొక్కి, ఏ ప్రోగ్రాం కిటికీకి అనుమతి ఇవ్వాలో చూపిస్తే చాలు. ఇంకోటి సింపుల్‌వాల్. అదీ ఉచితమే, దాని కోడు ఎవరైనా తెరిచి చదవొచ్చు. కొత్త ప్రోగ్రాం బయటికెళ్లబోతే ఒక మాట అడుగుతుంది. అయితే దాంతో ఒక మెలిక ఉంది. తీసెయ్యాలనుకుంటే ముందు అందులోనే ఫిల్టర్లు, అంటే ఎవర్ని ఆపాలో అది పెట్టిన నియమాలు, ఆపెయ్యాలి. లేకపోతే కావలివాడు వెళ్లిపోయినా, తడికకి కట్టిన కంప అలాగే ఉండిపోతుంది.

ఇవి ఇంత తేలిగ్గా ఎలా ఉంటాయంటే, సొంతంగా దడి కట్టుకోవు. రాకపోకల్ని వడకట్టే ఏర్పాటు ఒకటి విండోస్ లోపలే ఉంది, విస్టా అనే పాత విండోస్ కాలం నుంచీ. వీళ్లు దాని మీద కూర్చుని కావలి కాస్తారు, అంతే.

అసలు దడి సంగతికొస్తే నాకు 2003 ఆగస్టు గుర్తొస్తుంది. అప్పుడు నేను పనిచేసే ఆఫీసులో ఎక్స్‌పీ కంప్యూటర్లు, విస్టా కంటే ముందు విండోస్ అది. పొద్దున్నే వచ్చి ఇంటర్నెట్ తగిలిస్తే చాలు, తెరమీద 60 సెకన్ల లెక్క మొదలయ్యేది, 59, 58... సున్నాకి రాగానే మెషీన్ ఆగి మళ్లీ మొదలయ్యేది. మధ్యాహ్నానికి అందరికీ టెన్షన్. అది బ్లాస్టర్ అనే పురుగు, 135 నంబరు తడికలోంచి వచ్చేది. చిత్రం ఏంటంటే ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ అప్పటికే ఉంది, కానీ ఆఫ్ చేసి ఇచ్చారు! కంప కొట్టి మోపులు కట్టి కొట్టంలో పడేసినట్టు. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 అనే మరమ్మతుల మూట వచ్చాకే దాన్ని మొదట్నుంచీ ఆన్‌లో పెట్టి ఇవ్వడం మొదలైంది.

అంటే తల్లీ, నీ మెషీన్లో దడి, అదే విండోస్ సొంత ఫైర్‌వాల్, ఇప్పటికే ఉంది. సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉందో లేదో ముందు చూడు. పిలవకుండా బయటినుంచి వచ్చేవాళ్లని అది ఆపుతుంది. నువ్వే పంపి తెప్పించుకున్నదాన్ని గుర్తుపెట్టుకుని లోపలికి రానిస్తుంది. నన్నడిగితే చాలామందికి అదే చాలు. కానీ లోపల్నుంచి బయటికెళ్లే బుట్టల్ని మామూలుగా అది పట్టించుకోదు. ఏ ప్రోగ్రాం బుట్ట బయటికి పంపొచ్చో, ఏది పంపకూడదో నువ్వే తేల్చాలనిపిస్తేనే పొట్టాయన్ని పిలువు. టైనీవాల్, సింపుల్‌వాల్ రెంటిలో ఒక్కటే పెట్టుకో, ఇద్దరు కావలివాళ్లు ఒకే మంచె మీద కొట్టుకుంటారు. డౌన్‌లోడ్ దాన్ని తయారుచేసినవాళ్ల సైటు నుంచే చేసుకో, కావలివాడి వేషంలో దొంగలూ వస్తారు. బస్టాండులోనో స్టేషన్లోనో వైఫై తగిలిస్తే, సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉండేలా చూసుకో. ఇంకో మాట, షావుకారు తెచ్చిన బుట్టలో పాముంటే కావలివాడికి కనపడదు. ఫైర్‌వాల్ ఉంది కదా అని తెలియని మెయిల్లో వచ్చిన ఫైలు తెరవకు. మీ అమ్మ ఒకసారి తెరిచింది. నేను చెప్పానని అనకు.

ఇది ఎలా తెలుస్తుంది, అది ఎలా ఆపుతుంది అని తమ్ముడు అడుగుతాడని తెలుసు. సగం నాకూ చెప్పడం రాదు. కానీ చూపించగలను. రాత్రి బ్రౌజర్, వాట్సాప్, అన్నీ మూసెయ్యండి. స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరిచి, నెట్‌వర్క్ అన్న చోట నొక్కండి. మీరేమీ చెయ్యకపోయినా, చెయ్యి కీబోర్డు మీద పెట్టకపోయినా, ఎవరెవరో ఎక్కడెక్కడికో మాట్లాడుతూ ఉంటారు. కింద లిజనింగ్ పోర్ట్స్ అని ఇంకో పట్టీ ఉంటుంది. చెవి రిక్కించి కూర్చున్న తడికలన్నీ అందులో నంబర్లతో సహా కనిపిస్తాయి. 135, 445 కోసం వెతకండి, ఉంటే పక్కన ఫైర్‌వాల్ ఏం రాసిందో చూడండి. సర్వీస్ హోస్ట్ (అక్కడ svchost.exe అని ఉంటుంది) అనేవాడు ఎన్నిసార్లు కనపడ్డాడో కూడా లెక్కపెట్టండి. నేను నా దాంట్లో లెక్కపెట్టి కాగితం మీద రాసి పెట్టాను, మీ లెక్క వచ్చేదాకా చెప్పను.

చిన్న రసాలు ఒక పెట్టె బస్సులో వేశాను. శనివారం తమ్ముణ్ణి స్టాండుకి పంపు.

మీ
తాతయ్య