ఇంజను కోసం అమరం కోస్తే

మన తూర్పు తీరంలో ఇసుక మీద నుంచే వేటకు వెళ్లే పాత నావలకు ముందు కొనలాగే వెనుక కొన, అంటే అమరం, కూడా సన్నగానే ఉండేది. ఎందుకో తెలియాలంటే నావ తిరిగి వచ్చే వేళ చూడాలి. ముక్కు ఒడ్డు వైపు ఉంటుంది, అమరం సముద్రం వైపు. వెంట తరుముకొచ్చే కెరటం ముందుగా తాకేది అమరాన్నే. సన్నగా ఉంటే కెరటం చీలి రెండు పక్కలా జారిపోతుంది. అక్కడ వెడల్పాటి పలక ఉంటే కెరటానికి అది తోయడానికి దొరికిన తలుపు. వెనుక భాగం పైకి లేస్తుంది, ముక్కు దిగబడుతుంది, పడవ అడ్డం తిరుగుతుంది. ఆ తర్వాత బోల్తా పడటానికి ఇంకో కెరటం చాలు.

అవుట్‌బోర్డు ఇంజను అంటే పడవ వెనుక బయటివైపు బిగించి, ఫ్యాను ఉన్న కింది భాగాన్ని నీటిలోకి దించే మోటారు. దానికి సరిగ్గా ఆ పలకే కావాలి. 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ ఇలాంటి మోటార్ల వ్యాపారం మొదలుపెట్టినప్పుడు ఆయన ముందున్నవి సరస్సుల్లో తిరిగే, వెనుక చదునుగా ఉండే తెడ్డు పడవలు. సన్న అమరం ఉన్న తీరాలకు ఆ ఇంజను చేరాక ఒక్కో ఊరు ఒక్కో తంటా పడింది. ఘనాలో మత్స్యకారులు అమరాన్ని ముట్టుకోకుండా ఇంజనును పక్కకు, చట్రం మీద బిగించుకున్నారు. సెనెగల్‌లో పడవ అడుగునే వెనుక వైపు బావిలా కోసి, అందులోకి ఇంజను దించారు. కెరటం నేరుగా ఇంజనును కొట్టదు, నిజమే. కానీ ఆ బావిలో నిండే నీళ్లంత తేలే శక్తిని పడవ పోగొట్టుకుంటుంది. మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన ఎఫ్.ఏ.ఓ. (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) బంగాళాఖాత పథకం వాళ్లు అవుట్‌బోర్డునే పక్కనపెట్టి, ఒడ్డుకు రాగానే ఫ్యానును పైకి ఎత్తేసుకునే డీజిల్ ఇంజను అమరిక తయారుచేశారు. నాకు ఎక్కువగా నచ్చింది ఇదే. కెరటాన్ని దృష్టిలో పెట్టుకుని మొదలైన ఆలోచన అది.

అయినా చిన్న ఫైబర్ పడవకు పలక పెట్టించుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లకు మొదటి లెక్క ఎత్తు. మామూలు ఇంజన్లకు కాలు, అంటే బిగింపు నుంచి నీటిలోకి దిగే భాగం, పొడవు 15 అంగుళాలో 20 అంగుళాలో ఉంటుంది. ఫ్యాను పైన ఒక అడ్డ రేకు కనిపిస్తుంది. అది పడవ అడుగు మట్టానికి దాదాపు సమంగా, లేదా అంగుళం కిందుగా ఉండాలి. పలక మరీ ఎత్తయితే ఫ్యాను పైనున్న గాలిని లాక్కుంటుంది. అప్పుడు ఇంజను అరుస్తుంది, పడవ కదలదు. 15 అంగుళాల ఇంజను కొని, దాని కోసం పలకను కిందికి కోయడం చూస్తే నాకు భయమేస్తుంది. ఆ గాడి పడవ చుట్టూ ఉన్న అంచులో అన్నిటికన్నా పల్లపు చోటు అవుతుంది, అదీ కెరటం వచ్చే వైపున. డబ్బు కాస్త ఎక్కువైనా పొడుగు కాలు ఇంజను కొనడం మేలు. గాడి తప్పదంటే దాని లోపలి వైపు అడ్డుగోడ కట్టి, లోపలికొచ్చిన నీళ్లు తిరిగి బయటికే పోయేలా తొట్టి పెట్టాలి.

రెండో లెక్క బరువు. పడవ మధ్య నుంచి 3 మీటర్ల వెనుక 45 కిలోల ఇంజను ఉందనుకుందాం. చట్రం పెట్టి దాన్ని ఇంకో అర మీటరు వెనక్కి జరిపితే అదనంగా పడే తిప్పుడు బలం 45 × 0.5, అంటే 22.5 కిలోగ్రామ్-మీటర్లు. దాన్ని సరిచేయాలంటే 20 కిలోల ఇంధనం డబ్బాను మీటరు పైగా ముందుకు జరపాలి. లేదా వెనుక గాలి పెట్టె అతికించాలి. 50 సెంటీమీటర్ల వెడల్పు, 40 పొడవు ఉన్న పెట్టె 20 సెంటీమీటర్లు మునిగితే 40 లీటర్ల నీటిని తోస్తుంది. ఉప్పునీటిలో అది 41 కిలోల ఆసరా. కాకపోతే ఆ పెట్టె వెనుక గోడ కూడా కెరటానికి మరో తలుపే.

పెద్ద ఇంజను పెడితే వేగం పెరుగుతుందన్న ఆశ సన్న అమరం దగ్గర చెల్లదు. నీటి మట్టం దగ్గర 25 అడుగుల పొడవున్న బరువైన పడవ సుమారు 6.7 నాట్ల వేగం, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు, దాటాలంటే తాను లేపిన అలనే ఎక్కాలి. వెనుక వెడల్పు లేని పడవకు ఆసరా దొరకదు. హార్స్‌పవర్ పెంచేకొద్దీ అమరం ఆ అల వెనుక గుంటలోకి కూరుకుపోతుంది, ఇంధనం మాత్రం ఖర్చవుతుంది.

పలక బలం గురించి కూడా చెప్పాలి. 10 హార్స్‌పవర్ ఇంజను 6 నాట్ల దగ్గర, సగం కన్నా తక్కువ శక్తే తోపుగా మారినా, సుమారు 110 కిలోల బలంతో నెడుతుంది. ఆ బలం పుట్టేది కింద ఫ్యాను దగ్గర, పట్టు ఉండేది పైన బిగింపు దగ్గర. కాబట్టి పలకను మెలిపెట్టినట్టవుతుంది. అందుకే దాన్ని పక్క గోడలకూ అడుగుకూ మోకాలిలా వంగిన మూల ముక్కలతో కట్టేయాలి. ఫైబర్ లోపల ప్లైవుడ్ ఉంటే బోల్టు రంధ్రాలే దాని శత్రువులు. అక్కడి నుంచి నీరు దిగి చెక్క లోలోపల కుళ్లుతుంది, పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. సుత్తితో తట్టి చూస్తే మంచి చోట గట్టిగా, కుళ్లిన చోట డొల్లగా మోగుతుంది.

రంపం చేతపట్టే ముందు చేయదగ్గ పని ఒకటుంది. ఇంజనంత బరువున్న ఇసుక మూటను అనుకున్న చోట కట్టి, వల, డబ్బా, మనుషులు అందరినీ ఎక్కించి పడవను నిలకడ నీటిలో తేలనివ్వండి. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో అమరం మీద సుద్దతో గీత గీయండి. ఆ గీతకూ, కోయాలనుకున్న గాడికీ మధ్య ఎన్ని వేళ్లు మిగిలాయో కొలవండి.