83 దగ్గర ఆగిన రూపాయి, 91 దగ్గర రేగిన గొడవ

2025 డిసెంబర్ 3న డాలరు ధర 90 రూపాయలు దాటింది. పదహారో తేదీన 91ని కూడా తాకింది. అప్పుడు ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న: రిజర్వ్ బ్యాంకు దగ్గర 68 వేల కోట్ల డాలర్లకు పైగా విదేశీ మారక నిల్వలు ఉన్నాయి కదా, రూపాయిని ఎందుకు ఆపలేదు?

ఈ ప్రశ్న వేసేవారు 1991లో బంగారం తాకట్టు పెట్టిన రోజులను, 2013 వేసవిలో రూపాయి 68 దాకా జారిన రోజులను గుర్తు చేశారు. ఆ రెండు కథలూ పాఠకులకు తెలిసినవే కాబట్టి మళ్లీ చెప్పను. 91 గొడవకు మూలం అంత దూరంలో లేదు. 2022 అక్టోబర్‌లో డాలరు 83 దాటింది. ఆ తర్వాత 2024 దసరా దాకా, అంటే దాదాపు రెండేళ్లు, రూపాయి ఆ చుట్టుపక్కలే ఉండిపోయింది. దాన్ని అక్కడ ఎలా నిలిపారో, అందుకు అయిన ఖర్చు ఎవరి మీద పడిందో తెలిస్తే, ఆ డిసెంబర్ పరిణామాలు అంత ఆశ్చర్యంగా అనిపించవు.

2022లో పరిస్థితి వేరు. ఉక్రెయిన్ యుద్ధం, అమెరికాలో వడ్డీ రేట్ల పెంపు కలిసి ప్రపంచమంతటా డాలరును బలపరిచాయి. రూపాయి 74 నుంచి 83కు జారింది. మన నిల్వలు 2021 సెప్టెంబర్‌లోని 64,200 కోట్ల డాలర్ల నుంచి 2022 అక్టోబర్ నాటికి 52,500 కోట్ల దగ్గరకు దిగాయి. గొడుగు కొనుక్కునేది వాన పడినప్పుడు వాడుకోవడానికే కదా అని అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. ఆ ఏడాది నిజంగానే వాన పడింది.

వాన వెలిసిన తర్వాత కూడా గొడుగు ముడవకపోవడంతోనే అసలు కథ మొదలైంది.

2023 మొదటి రోజుకూ చివరి రోజుకూ మధ్య రూపాయి ఒక్క శాతం కూడా కదలలేదు. డాలర్లు వచ్చిపడిన నెలల్లో రిజర్వ్ బ్యాంకు వాటిని కొని రూపాయిని పెరగనివ్వలేదు. డాలర్లు వెనక్కు వెళ్లిన నెలల్లో అమ్మి తగ్గనివ్వలేదు. ఆ డిసెంబర్‌లో అంతర్జాతీయ ద్రవ్యనిధి భారత మారకపు విధానాన్ని 'కదిలేది' అన్న వర్గం నుంచి తీసి 'స్థిరపరచినది' అన్న వర్గంలో చేర్చింది. రిజర్వ్ బ్యాంకు గట్టిగా అభ్యంతరం చెప్పింది. తాము ఏ స్థాయినీ లక్ష్యంగా పెట్టుకోలేదనీ, విపరీతమైన ఒడిదుడుకులను మాత్రమే అణచివేస్తున్నామనీ దాని వాదన. 2024 జూన్‌లో మన ప్రభుత్వ బాండ్లు, విదేశీ సంస్థలు చూసి పెట్టుబడి పెట్టే జేపీ మోర్గాన్ సూచీలో చేరాక విదేశీ పెట్టుబడి మరింత వచ్చింది. సెప్టెంబర్ చివరికి నిల్వలు 70,490 కోట్ల డాలర్లకు చేరాయి. అప్పటికి అది రికార్డు. అంత డాలరు లోపలికి వచ్చిన రోజుల్లో కూడా రూపాయి విలువ పెరగలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

కదలని రూపాయి అందరికీ ముద్దుగానే కనిపించింది. అమెరికాలో చదివే పిల్లల తల్లిదండ్రులు ఫీజు లెక్క ముందే వేసుకోగలిగారు. ముడి చమురు, పామాయిల్ దిగుమతిదారులకు నిశ్చింత. కాని ధర కదలకపోతే దాని కింద ఉన్న ఖర్చులు కదలడం మానవు. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి, ఆకివీడు ప్రాంతంలో రొయ్యల చెరువు చేసే రైతును తీసుకుందాం. మేత ధర, కూలి, సీడు ఖర్చు అన్నీ రూపాయిల్లో ఏటేటా పెరిగాయి. ఎగుమతి కంపెనీకి డాలరు మీద వచ్చే రూపాయిలు మాత్రం 83 దగ్గరే ఆగాయి. ఆ తేడా చివరికి వంద కౌంటు, యాభై కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధరలోనే కోత పడుతుంది. మన వాణిజ్య భాగస్వాముల కరెన్సీలతో, ధరలతో పోల్చి రిజర్వ్ బ్యాంకే లెక్కించే సూచీ 2024 నవంబర్‌లో 108 దాటింది. 2015-16ను వందగా తీసుకునే ఆ సూచీ వంద మీదికి పోయిన కొద్దీ మన సరుకు బయటి మార్కెట్లో ప్రియమైనట్టు లెక్క. బోర్డు మీద రూపాయి కదలకపోయినా, పోటీలో అది బరువెక్కింది.

మరో నష్టం లెక్కలకు అందనిది. రెండేళ్లు మారకపు రేటు కదలకపోవడం చూసిన కంపెనీలు, డాలరు పెరిగితే వచ్చే నష్టానికి ముందుగా రక్షణ కొనుక్కోవడాన్ని, అంటే హెడ్జింగును, దండుగ ఖర్చుగా చూడడం మొదలుపెట్టాయి. రిజర్వ్ బ్యాంకు ఉండగా మనకెందుకు భయం అన్న ధీమా అది. ఆ ధీమాను పెంచింది మార్కెట్ కాదు.

రూపాయిలు ఎక్కడికి పోయాయి

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. టీవీ చర్చల్లో ఇది దాదాపు రాలేదు. రిజర్వ్ బ్యాంకు ఒక డాలరు అమ్మితే కొన్నవారు 84 రూపాయలు కట్టాలి. ఆ 84 రూపాయలు బ్యాంకుల ఖాతాల్లోంచి రిజర్వ్ బ్యాంకులోకి వెళ్లి మాయమవుతాయి. అవి ఇక ఎవరికీ అప్పుగా వెళ్లవు. వంద కోట్ల డాలర్లు అమ్మితే బ్యాంకింగ్ వ్యవస్థలోంచి 8,400 కోట్ల రూపాయలు బయటికి పోయినట్టే. డాలరు ధరను కాపాడే పనీ, ఊళ్లో వడ్డీ రేటును నిర్ణయించే పనీ ఒకే తాడుకు రెండు కొసలు.

బ్యాంకుల్లో రూపాయిలు తగ్గడానికి డాలరు అమ్మకాలు ఒక్కటే కారణం కాదు. జనం దగ్గర నోట్లు పెరిగినా తగ్గుతాయి. దీపావళికి, వరికోతలకు, పెళ్లిళ్లకు, ఎన్నికలకు, సంక్రాంతికి నగదు కోరిక పెరుగుతుంది. ఏటీఎం నుంచి తీసిన ప్రతి నోటూ బ్యాంకు చేతి నిల్వను తగ్గిస్తుంది. దీనికి తిరగబడిన ఉదాహరణ 2023లో చూశాం. ఆ మే 19న రెండు వేల నోటు ఉపసంహరణ ప్రకటించినప్పుడు 3.56 లక్షల కోట్ల రూపాయల విలువైన నోట్లు చలామణిలో ఉన్నాయి. అవి బ్యాంకులకు తిరిగి రావడంతో డిపాజిట్లు పొంగాయి. ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు అదనపు నగదు నిల్వ నిబంధన పెట్టి లక్ష కోట్లకు పైగా తాత్కాలికంగా పక్కన పెట్టించవలసి వచ్చింది. నోటు ఇంట్లో ఉందా, బ్యాంకులో ఉందా అన్న చిన్న తేడా దేశం మొత్తం మీద కలిస్తే ఇంత పెద్దదవుతుంది.

2024 శీతాకాలంలో ఈ రెండు పనులూ ఒకేసారి జరిగాయి. సెప్టెంబర్ చివర్లో చైనా తన ఆర్థిక వ్యవస్థకు ఉద్దీపన ప్రకటించింది. విదేశీ సంస్థలు ఒక్క అక్టోబర్‌లోనే మన స్టాక్ మార్కెట్లో సుమారు 94 వేల కోట్ల రూపాయల వాటాలు అమ్మేశాయి. నవంబర్‌లో ట్రంప్ గెలిచారు, డాలరు మళ్లీ లేచింది. రిజర్వ్ బ్యాంకు అలవాటైన పనే చేసింది. నవంబర్ ఒక్క నెలలో నికరంగా 2,000 కోట్ల డాలర్లకు పైగా అమ్మింది. అంటే 1.7 లక్షల కోట్ల దాకా రూపాయిలు బ్యాంకుల్లోంచి వెళ్లిపోయాయి. అదే సమయంలో దీపావళి నగదు ఇళ్లలో ఉంది.

సరిగ్గా ఆ నెలాఖరున, జూలై-సెప్టెంబర్ ఆర్థిక వృద్ధి 5.4 శాతమేనని తొలి అంచనా వచ్చింది. రిజర్వ్ బ్యాంకు ఊహించింది 7 శాతం. వడ్డీలు భారంగా ఉన్నాయని కేంద్ర మంత్రులు బహిరంగంగానే అన్నారు. డిసెంబర్ 6న రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని, 6.5 శాతం దగ్గరే ఉంచి, నగదు నిల్వల నిష్పత్తిని, అంటే డిపాజిట్లలో బ్యాంకులు తన దగ్గర ఉంచాల్సిన వాటాను, అర శాతం తగ్గించింది. దానితో బ్యాంకులకు 1.16 లక్షల కోట్లు విడుదలవుతాయని ప్రకటించింది. నవంబర్‌లో డాలర్లమ్మి తీసుకున్న 1.7 లక్షల కోట్ల పక్కన ఈ అంకెను పెట్టి చూడండి. ఒక చేత్తో ఇచ్చినది, మరో చేత్తో అంతకుముందే తీసేసుకున్న దానికన్నా తక్కువ.

నా దృష్టిలో మలుపు ఇదే. రూపాయి 91కి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు 2025లో జవాబు వెతకడం కన్నా 2024 చివరి మూడు నెలల్లో వెతకడం మంచిది.

2024 డిసెంబర్ 11న సంజయ్ మల్హోత్రా గవర్నరుగా వచ్చేనాటికి రూపాయి 85కు దగ్గర్లో ఉంది. 2025 జనవరి మధ్యకు నిల్వలు 62,400 కోట్ల డాలర్లకు తగ్గాయి. ఇందులో కొంత భాగం యూరో వంటి ఇతర కరెన్సీల విలువ పడిపోవడం వల్ల వచ్చిన కాగితపు తగ్గుదల. కాని దీనికి మించి, రాబోయే తేదీకి డాలర్లు ఇస్తామని చేసుకున్న ఒప్పందాల భారం ఫిబ్రవరి చివరికి సుమారు 8,800 కోట్ల డాలర్లకు పెరిగింది. జనవరి నాలుగో వారంలో బ్యాంకింగ్ వ్యవస్థలో నగదు లోటు 3 లక్షల కోట్లు దాటింది. ఫిబ్రవరి 7న దాదాపు ఐదేళ్ల తర్వాత తొలిసారి రెపో తగ్గినా, బ్యాంకులు తెచ్చుకునే స్వల్పకాలిక డబ్బు ధర మార్చి దాకా 7 శాతానికి పైనే ఉంది. చిన్న కంపెనీకి, ఇంటి అప్పు కోసం వచ్చిన ఉద్యోగికి ఆ తగ్గింపు చేరడానికి నెలలు పట్టింది. డాలరు ధరను ఆపిన ఖర్చు ఇలా, ఆ గొడవతో సంబంధం లేనివారి మీద పడింది.

కొత్త గవర్నరు హయాంలో పట్టు సడలింది. ఫిబ్రవరి 10న రూపాయి 88కి చేరువైంది. రెండేళ్లు ధీమాగా ఉన్న దిగుమతిదారులు ఒక్కసారిగా డాలర్ల కోసం పరుగెత్తారు. ఎగుమతిదారులు రేపు ఇంకా ఎక్కువ వస్తుందేమోనని తమ డాలర్లను వెనక్కు తేవడం ఆలస్యం చేశారు. రూపాయిని చేతిలో ఉంచుకోవాలన్న కోరిక తగ్గడమంటే ఇదే. ఏటా రెండు మూడు శాతం మెల్లగా కదిలి ఉంటే ఇంత పరుగు ఉండేది కాదు.

తీసేసిన డబ్బును తిరిగి నింపడానికి రిజర్వ్ బ్యాంకు బాండ్లు కొన్నది, డాలరు-రూపాయి స్వాపులు (డాలర్లు తీసుకుని రూపాయిలిచ్చి, గడువు తీరాక వెనక్కు మార్చుకునే ఒప్పందాలు) చేసింది. జనవరి నుంచి జూన్ దాకా వ్యవస్థలోకి సుమారు 9.5 లక్షల కోట్లు పంపామని అదే చెప్పింది. ఆపై నగదు నిల్వల నిష్పత్తిని మరో శాతం తగ్గించి నాలుగు విడతల్లో ఇంకో 2.5 లక్షల కోట్లు విడుదల చేసింది. మే నెలలో కేంద్రానికి 2.69 లక్షల కోట్ల మిగులు బదిలీ చేసింది, అప్పటికి అది రికార్డు. చౌకగా ఉన్నప్పుడు కొన్న డాలర్లను ఖరీదుగా అమ్మడం వల్ల వచ్చిన లాభానికి అందులో పెద్ద పాత్ర ఉంది.

రిజర్వ్ బ్యాంకు వైపు వాదనకూ బలం లేకపోలేదు. ఆ రెండేళ్ల స్థిరత్వం వల్లే చమురు ధరల సెగ నేరుగా ఇంటి బడ్జెట్‌కు తగలలేదనీ, కూడబెట్టిన నిల్వలే తర్వాతి దెబ్బలను తట్టుకోనిచ్చాయనీ అంటారు. ధరల పెరుగుదల అదుపులో పెట్టడమే బ్యాంకు తొలి బాధ్యత అన్నది నిజం.

ఇక 91 వివాదం. 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. గోదావరి జిల్లాల రొయ్య దీని తొలి దెబ్బ తిన్నది. ఆ నెలాఖరుకు డాలరు 88 దాటింది. అక్టోబర్‌లో రిజర్వ్ బ్యాంకు మళ్లీ పాత పద్ధతికి వెళ్లి 88.80 దగ్గర అడ్డుకట్ట వేసింది. వారాల తరబడి రూపాయి ఆ గీత దాటలేదు. నవంబర్ 21న గీత తెగింది, ఒక్క రోజులో 70 పైసలకు పైగా జారింది. రెండు వారాలు తిరగకుండానే 90. కట్టుకున్నంత సేపు కట్టి వదిలేస్తే ఏమవుతుందో 83 విషయంలో ఏళ్ల మీద చూసినదే, ఈసారి నెలల్లో చూశాం.

రూపాయి తగ్గితే నష్టపోయేవారు ఉన్నారు, వారి బాధ నిజమైనది. విదేశీ చదువుల అప్పు తీసుకున్న కుటుంబాలకు ప్రతి సెమిస్టరుకూ భారం పెరుగుతుంది. వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి వంటింటికీ తగులుతుంది. అదే సమయంలో ఏలూరు జిల్లా పామాయిల్ రైతుకు గెలల ధర ముడి నూనె ధరతో ముడిపడి ఉంటుంది, కాబట్టి డాలరు పెరిగితే అతనికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి. దుబాయి నుంచి జగిత్యాలకు పంపే దిర్హమూ డాలరుకే కట్టి ఉంది. అప్పుడు 50 శాతం సుంకం కింద నలిగిన రొయ్యల రైతుకు ఈ తరుగుదల పూర్తి ఊరట కాదు, కాని మరే ఊరటా లేకపోయింది. రూపాయిని 83కో 85కో తిరిగి లాగాలని కోరేవారు ఆ లాగుడుకు అయ్యే వడ్డీ ఖర్చును ఎవరు భరించాలో కూడా చెప్పాలి.

2025 డిసెంబర్ 5న గవర్నరు రెపోను 5.25 శాతానికి తగ్గించారు. అదే రోజు లక్ష కోట్ల రూపాయల బాండ్ల కొనుగోలును, 500 కోట్ల డాలర్ల మూడేళ్ల స్వాపును ప్రకటించారు. డాలర్లు అమ్మడం వల్ల తగ్గిన రూపాయిలను నింపడమే వాటి పని. స్వాపు 16న జరిగింది. రూపాయి 91ని తాకింది కూడా ఆ రోజే. మర్నాడు ప్రభుత్వ బ్యాంకుల ద్వారా డాలర్ల అమ్మకం జోరుగా సాగింది, రూపాయి అర రూపాయికి పైగా బలపడింది. ఆ ఒక్క రోజు ఎన్ని కోట్ల డాలర్లు అమ్మారో, అందుకు బ్యాంకుల్లోంచి ఎన్ని వేల కోట్ల రూపాయిలు వెళ్లాయో అప్పుడు ఎవరికీ తెలియలేదు. డిసెంబర్ అమ్మకాల మొత్తం రిజర్వ్ బ్యాంకు బులెటిన్‌లో ఏటా రెండు నెలలు ఆలస్యంగా, ఫిబ్రవరిలో వస్తుంది. ఆ లోగా సంక్రాంతి నగదు బ్యాంకుల నుంచి ఊళ్లకు వెళ్లి తిరిగి వస్తుంది.