క్రాసింగ్ ఎక్కడ పడుతుంది?

గుంటూరు నుంచి నడికుడి మీదుగా సికింద్రాబాద్ వెళ్లే దారి ఏళ్ల తరబడి సింగిల్ లైనే. ఆ దారిలో తిరిగినవాళ్లకు తెలుసు: ఏదో చిన్న స్టేషన్లో బండి ఆగిపోతుంది, ఎంతకీ కదలదు. "క్రాసింగ్ ఉందండీ" అంటారు పక్క సీటువాళ్లు. కాసేపటికి ఎదురు బండి దడదడమంటూ వెళ్లిపోతుంది. పదో తరగతిలో రెండు సరళరేఖల ఖండన బిందువు కోసం మనం వెతికింది ఈ క్రాసింగ్‌నే.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా కాలం, నిలువుగా దూరం వేసుకుందాం. ఉదయం ఆరింటికి ఒక బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బయల్దేరింది. అదే సమయానికి, 300 కిలోమీటర్ల అవతలి నుంచి ఎదురు బండి 40 వేగంతో కదిలింది. ఎక్స్ గంటల తర్వాత మొదటిది ఉండే చోటు వై = 60ఎక్స్, రెండోది ఉండే చోటు వై = 300 − 40ఎక్స్. ఎక్స్ పక్కనున్న అంకె బండి వేగం, గీతకు వాలు కూడా అదే. మైనస్ ఉందంటే ఎదురొస్తోందని. రెండూ ఒకే వేళకు ఒకే చోట ఉండాలి కాబట్టి 60ఎక్స్ = 300 − 40ఎక్స్. ఎక్స్ 3, వై 180. అంటే తొమ్మిదింటికి, 180వ కిలోమీటరు దగ్గర. అక్కడ స్టేషన్ ఉంటే ఒక బండి లూప్ లైన్లోకి, అంటే స్టేషన్లో అసలు లైను పక్కనుండే లైన్లోకి తప్పుకుంటుంది.

ఎదురు బండి గంట ఆలస్యమైతే? గీత వాలు మారదు, గీతే పక్కకు జరుగుతుంది: వై = 340 − 40ఎక్స్. ఖండన బిందువు 9.24కి, 204వ కిలోమీటరుకు జారుతుంది. అక్కడ పొలాలు తప్ప స్టేషన్ లేదనుకోండి. మొదటి బండిని 180 దగ్గరే ఆపితే గంటసేపు పడిగాపులు. అదే 210 దగ్గర ఇంకో స్టేషన్ ఉంటే, ఎదురు బండి 9.15కి అక్కడికి చేరి పావుగంట ఆగితే సరిపోతుంది. ఏ బండి ఎక్కడ ఆగాలో నిర్ణయించే రైల్వే కంట్రోలర్ చార్టు మీద బండికో గీత గీసి చూసుకునేది ఇదే. ఆగిన బండి గీత అడ్డంగా సాగుతుంది, వాలు సున్నా. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎటియెన్ జూల్ మారే 1885 నాటి తన పుస్తకంలో పారిస్–లియాన్ రైళ్లకు ఇలాంటి చార్టే అచ్చువేశాడు.

ఇక ఒకే దిశలో, ఒకే 60 వేగంతో, అరగంట తేడాతో వెళ్లే బండ్లను చూడండి: వై = 60ఎక్స్, వై = 60ఎక్స్ − 30. లెక్క చేస్తే 0 = −30 వస్తుంది. ఎక్కడో తప్పు చేశామనుకుని పిల్లలు కొట్టేస్తారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. లెక్క తప్పలేదు. ఇవి సమాంతర రేఖలు, వెనక బండి ముందుదాన్ని ఎప్పటికీ అందుకోదు. వెనకదాని వేగం 75 చేయండి. గీత ఇంకాస్త నిటారుగా లేచి, ఎనిమిదిన్నరకు 150వ కిలోమీటరు దగ్గర ముందు గీతను తాకుతుంది. ఆ లోపే ముందు బండి లూప్ లైన్లోకి వెళ్లిపోవాలి.